స్టేషన్ మాస్టరు గారి ఎలకలు

ఆయన జన్మలో ఒక్కరోజు రైల్వేలో పని చేసిన పాపాన పోలేదు. నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తాగా చేరి, హెడ్ గుమాస్తాగా రిటైరై ఇంటికొచ్చాడు. పైగా రైలెక్కితే కడుపులో తిప్పుతుంది. పెళ్ళయిన కొత్తలో భార్యని ఎక్కడికి తీసుకెళ్ళినా బస్సులోనే తీసుకెళ్ళాడు, అదీ కిటికీ పక్క సీటు తనకే కావాలని పట్టుబట్టి. అలాంటి మనిషిని వీధి వీధంతా స్టేషన్ మాస్టరు గారని పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా ఆయన ఉబ్బితబ్బిబ్బవుతాడు. ఆ పిలుపులో గౌరవమెంతో వెటకారమెంతో విడదీసి చూసుకునే తీరిక ఆయనకెప్పుడూ లేకపోయింది.

ఆ పేరు రావడానికి కారణం ఇంటి కింద సెల్లారు. బుద్ధున్నవాళ్ళెవరైనా సెల్లార్లో పాత సైకిలు పెట్టుకుంటారు, పారేయడానికి మనసొప్పని కుర్చీలు పెట్టుకుంటారు. మన స్టేషన్ మాస్టరు గారు అవన్నీ బయటపడేసి అక్కడ రైల్వే పెట్టాడు. గోడవారగా బల్లలు కలిపి, వాటి మీద పట్టాలు పరిచి, రెండు ప్లాట్‌ఫాముల స్టేషను, గూడ్సు యార్డు, ఇనప వంతెన, కొండలు, కొండల్లో ఒక సొరంగం కట్టాడు. బోగీ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ప్లాట్‌ఫాం మీద వేలెడంత కూడా లేని ప్రయాణికులు, ఎక్కే యోగం లేని బండి కోసం ఏళ్ళ తరబడి పెట్టెలు పట్టుకుని నిలబడి ఉంటారు.

ఆదివారం పొద్దున ప్రదర్శన. భార్య కూరలు తరగడం మధ్యలో ఆపి మెట్లు దిగి రావాలి. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, మెడలో ఈల తగిలించుకుని, అట్టగొట్టం నోటికి అడ్డం పెట్టుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలెడతాడు. సెల్లారు మొత్తానికి ప్రయాణికులంటే ఆయన భార్యా, ఆయన అక్కా. బండి ఎక్కడైనా ఆగిపోతే, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని కూడా గొట్టంలోనే చెబుతాడు. నీళ్ళ బిల్లుల ఆఫీసులో అన్నేళ్ళు కూర్చుని ఒక్క మనిషికి ఒక్కసారి కూడా ఆ మాట చెప్పని పెద్దమనిషి ఈయనే.

ఆయన గొప్పంతా కొండల్లో ఉంది. చూసినవాళ్ళెవరైనా సరే, ఈ కొండలు దేంతో చేశారండీ అని అడగాల్సిందే. అడక్కపోతే ఆయనే అడిగించుకుంటాడు. అడిగాక చిన్నగా నవ్వి, "విదేశీ మెటీరియల్, ఇక్కడ దొరకదు" అంటాడు. పట్టాల కింద కంకర కూడా విదేశీదే. ఆ రంగు, ఆ గరుకుదనం మన దగ్గర ఎవరికి చేతనవుతాయని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఇక్కడే అసలు సంగతి చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో మిమ్మల్ని అదరగొట్టడం నాకు చేతకాదు. ఆ విదేశీ కొండలన్నీ పాత న్యూస్‌పేపర్లు, మైదాపిండి. భార్య బజారుకెళ్ళిన సమయం చూసి సెల్లార్లో చిన్న కరెంటు పొయ్యి మీద మైదా జిగురు ఉడకబెట్టేవాడు. ఆఫీసులో నోటీసులు అంటించడానికి కాచే జిగురే అది, కాకపోతే అందులో ఈయన సొంత తెలివి కూడా కలిపాడు. ఆరాక పగుళ్ళు రాకుండా ఉండాలని, పైన నిగనిగలాడాలని, గిన్నెకింత చొప్పున పంచదార పోసేవాడు. కంకర సంగతంటారా, బొంబాయి రవ్వ. దోరగా వేయించి, రంగు నీళ్ళు చల్లి ఆరబెట్టిన రవ్వ. ఈ సరుకంతా తనని ఎవరూ గుర్తుపట్టని దూరపు కొట్లో కొని, సంచీలో అడుగున పెట్టి తెచ్చుకునేవాడు. ఆ సంగతి ఇంట్లో పెళ్ళానికి తెలియదు, వీధికి తెలియదు.

ఎలకలకి మాత్రం తెలిసింది.

వానలు మొదలైన వారంలో రెండో ప్లాట్‌ఫాం మీద నల్లటి గింజలు కనిపించాయి. గూడ్సుబండిలోంచి బొగ్గు ఒలికిందనుకుని ఆయన వేలితో తీసి దగ్గరగా చూశాడు, వాసన కూడా చూశాడు. తర్వాత చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు యార్డులో చెట్టొకటి పడిపోయి ఉంది. ఆ మర్నాడు చీమలు వంతెన మీదుగా బారులు తీరి, స్టేషన్లో ఆగకుండా, తిన్నగా సొరంగంలోకి పోతున్నాయి. వెనకాల బొద్దింకలు. స్టేషన్ మాస్టరు గారికి తలప్రాణం తోకకొచ్చింది.

ఆయన వాడని మందు లేదు. కలరా ఉండలు బోగీకొకటి చొప్పున పెట్టాడు. ఆ వాసనకి చూడ్డానికొచ్చిన చుట్టాలకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి గానీ ఎలకలు చెక్కుచెదరలేదు. చీమల చాక్‌పీసుతో బల్లకాళ్ళ చుట్టూ గీతలు గీశాడు. ఎలకల్ని పట్టే జిగురు అట్ట పెడితే అందులో ఆయన కాలి చెప్పే అతుక్కుని, కాలు ఊడదీసుకుని ఒంటి చెప్పుతో పైకి వచ్చాడు. మనిషికి వినపడని కూత పెట్టి ఎలకల్ని తరిమే యంత్రమొకటి తెచ్చి గోడకి తగిలించాడు. అది కూస్తోందో లేదో తేల్చుకునే దారి లేక, దాని ముందు నిలబడి చెవి ఒగ్గి చాలాసేపు విన్నాడు. ఎలకల మందు పెట్టమని భార్య చెబితే, చచ్చి కొండలో కంపు కొడితే కొండ పగలగొట్టమంటావా అని ఒంటికాలి మీద లేచాడు.

చివరికి ఎదురింటి టైలరమ్మని బతిమాలి ఆవిడ పిల్లిని అరువు తెచ్చుకున్నాడు. అది దిగీ దిగగానే గూడ్సు యార్డంతా ఒకసారి చూసుకుని, బండ్లకి కరెంటిచ్చే వెచ్చటి ట్రాన్స్‌ఫార్మరు పక్కన పడుకుంది. ఎక్స్‌ప్రెస్ వచ్చి తోక మీద ఎక్కేసరికి లేచి, ఇంజన్ని ఒక్క లెంపకాయ కొట్టి, మళ్ళీ పడుకుంది. రెండు పూటలా పాలు తాగి, ఒక్క ఎలకనీ ముట్టుకోకుండా, వారం తర్వాత కాస్త ఒళ్ళు చేసి సొంతింటికి వెళ్ళిపోయింది. అరువు పిల్లికి అంతకన్నా బాధ్యత ఎందుకుంటుంది?

మందులన్నీ అయిపోయాక మనుషుల మీద పడ్డాడు. తినే వస్తువేదీ మెట్లు దాటి కిందికి రాకూడదన్నాడు. భార్య టీ గ్లాసుతో దిగితే గుమ్మంలోనే ఆపేశాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడి చేత జేబులు దులిపించాడు. అంత వెతికినా దొంగ దొరక్కపోయేసరికి, ఆయన చూపు మెల్లగా మెట్ల పక్క గది మీదికి మళ్ళింది. అది అక్కగారి గది.

అక్క అంటే తోడబుట్టిన పెద్దక్క. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా జీవితమంతా పక్కవాళ్ళ మాటలు కలిపి, తన మాటలు పొదుపు చేసుకున్న మనిషి. పిల్లల్లేరు. భర్త పోయాక, ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చినప్పుడు, చిన్నతమ్ముడు తన ఇల్లు ఇరుకని ముందే చెప్పేశాడు. పెద్దతమ్ముడు, అంటే మన స్టేషన్ మాస్టరు గారు, అడ్డుచెప్పేలోగా ఆయన భార్యే, "వదినగారు మా ఇంటికొస్తారు" అని తేల్చేసింది. పైన ఖాళీ గది లేదని సెల్లారు పక్క గది ఇచ్చారు. మంచం, ఒక బీరువా పట్టాక మనిషి తిరగడానికి జానెడు చోటు మిగులుతుంది. పైన చిన్న కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ళ పాదాలు కనిపిస్తాయి. ఆవిడకి ఆ గది ప్రాణం. ఇంకెక్కడికీ వెళ్ళాల్సిన పని లేదని, అదే తన ఆఖరి గదని, మరదలితో ఎన్నోసార్లు అంది.

నిజానికి ఆ రైళ్ళని మనసుపెట్టి చూసే మనిషి కూడా ఆవిడ ఒక్కతే. కుర్చీ లాక్కుని కూర్చుని, సొరంగంలోకి వెళ్ళిన బండి బయటికొచ్చేదాకా కళ్ళార్పకుండా చూసేది.

ఆవిడకి షుగరు. రోజూ ఇన్సులిన్ సూది పొడుచుకుంటుంది. సూది పడ్డాక తిండి కాస్త ఆలస్యమైతే ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోతుంది. అందుకని చెయ్యి చాపితే అందేటట్టు తీపి వస్తువేదో ఒకటి పక్కనే ఉంచుకోమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మంచం పక్కన మూతబిగువు బిస్కెట్ల డబ్బా ఉండేది. స్టేషన్ మాస్టరు గారు ఎలకల మూలం కనిపెట్టేసింది ఆ డబ్బాలోనే.

డబ్బా పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు అక్క మంచం మీద కూర్చుని ఉంది. "అది నా మందుల్లో మందురా" అంది. మందైతే మందుల షాపులో అమ్ముతారు, బిస్కెట్లకి ఎలకలొస్తాయి, పైన వంటింట్లో పెట్టిస్తాను, కావాలంటే ఒక్క కేక వెయ్యి, క్షణంలో తెస్తారు అని ఆయన లెక్చరిచ్చాడు. భార్య అడ్డుపడితే, రైల్వే సంగతులు నీకు తెలియవని నోరు మూయించాడు. షుగరు సంగతులు ఆయనకేం తెలుసని ఆవిడ అడిగితే, వినపడనట్టు ఊరుకున్నాడు.

ఇంకో మాట ఉంది. అది ఆయన పైకి అనలేదు, లోపల కూడా తనతో తాను అనుకోలేదు. పట్టాలు తూర్పుగోడ దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ఆ గోడకి అవతల అక్క గది. గోడకి చిన్న కన్నం పెట్టి లైను అవతలికి తీసుకెళ్ళగలిగితే, అక్కడ నీలంరంగు సముద్రం, ఒడ్డున ఆఖరి స్టేషను, పడవలు, లైట్‌హౌసు. అక్క డాక్టరు దగ్గరికెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా, టేపు పట్టుకుని ఆ గది కొలిచి చూసుకున్నాడు. ఏ ఉద్దేశమూ లేకుండానే మంచం ఉన్నచోట లైట్‌హౌసు బాగుంటుందనుకున్నాడు. పాపం, మనిషి మంచివాడే.

డబ్బా పైకి వెళ్ళింది. ఎలకలు వెళ్ళలేదు సరికదా, చుట్టపక్కాలని కూడా పిలుచుకున్నాయి. స్టేషన్ మాస్టరు గారు దానికీ కారణం కనిపెట్టాడు. ఇన్నాళ్ళ బిస్కెట్ల పొడి పరుపులోకి, గచ్చు సందుల్లోకి దిగిపోయిందట. గది పూర్తిగా ఖాళీ చేసి, సున్నం కొట్టి, కొన్నాళ్ళు అలా వదిలేస్తే తప్ప ఆ వాసన పోదట. చిన్నతమ్ముడికి ఫోన్ చేశాడు. అక్కని కొన్నాళ్ళు తీసుకెళ్ళమన్నాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని అవతల వాడు నీళ్ళు నమిలాడు. మా ఆవిడకి నడుంనొప్పి, పిల్లకి పరీక్షలు, హాల్లో సోఫా తప్ప పడుకోడానికి చోటు లేదు అని వరసపెట్టి చెప్పాడు. సోఫా చాలన్నాడు ఈయన. అక్క తరపున ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నాడో చూడండి.

భోజనాల దగ్గర, పెరుగన్నం కలుపుకుంటూ, కంచంలోంచి తలెత్తకుండా అక్కకి చెప్పాడు. ఆదివారం తమ్ముడు కారేసుకుని వస్తాడు, నీకూ గాలి మార్పు అన్నాడు. భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఎలకలు పోవాలంటే నేను పోవాలా?" అంది అక్క.

ఆయన మజ్జిగ అడిగి, తాగి, లేచి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం సొరంగంలో ఒక గూడ్సు బోగీ పట్టాలు తప్పింది. బయటికి తీయడానికి ఆయన బల్ల కిందికి దూరి, టార్చి వేసి, కొండ లోపలికి తల పెట్టి చూశాడు. కొండ లోపల కొండ లేదు. గోడల నిండా పళ్ళగాట్లు. జిగురున్న మేరకి శుభ్రంగా గీక్కుని తిని, పేపరు మాత్రం విసిరేశాయి. పట్టాల మధ్య కంకర ఎక్కడా ఒక్క గింజ లేదు. మూలన, పాత పేపరు ముక్కల పరుపు మీద, కళ్ళింకా తెరవని బుల్లి పిల్లలు హాయిగా నిద్రపోతున్నాయి. బిస్కెట్టు ముక్క గానీ, దాని పొడి గానీ, పేరుకైనా లేదు.

ఆయన బల్ల కిందే చతికిలబడిపోయాడు. తెలివితక్కువవాడేమీ కాదు, చూసిన మరుక్షణమే అంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎలకలకి పంచదార కలిపి మరీ వండి వడ్డిస్తున్నది తనేనని అర్థమైంది. అక్క తప్పు గోరంత కూడా లేదు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. పైకెళ్ళి చెప్పేస్తే పోయేది. ఆవిడ పెట్టె సర్దడం ఆపేసేది.

కానీ చెబితే విదేశీ కొండలు మైదాపిండని చెప్పాలి. భార్య నవ్వుతుంది. ఆవిడ నవ్వితే టైలరమ్మకి తెలుస్తుంది. టైలరమ్మకి తెలిస్తే ఇక చాటింపు వేయక్కర్లేదు. తమ్ముడు కూడా ఎలాగూ బయల్దేరుతున్నాడు, వాణ్ణి ఇప్పుడు రావద్దంటే బాగుండదు. సముద్రం కూడా ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. అన్నీ కలిపి ఆలోచించి ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? పొయ్యి వెలిగించి మళ్ళీ మైదా జిగురే కాచాడు. ఈసారి గట్టిగా పట్టాలని పంచదార ఇంకో గుప్పెడు ఎక్కువే పోశాడు. ఎలకలు కొరికిన కన్నానికి పేపరు అడ్డంపెట్టి, మందంగా పూసి, పైన ఆకుపచ్చ రంగు కొట్టాడు. గిన్నె, పిండి సంచీ, పంచదార సీసా బల్ల కింద ట్రాన్స్‌ఫార్మరు వెనక్కి తోసేసి, చేతులు తుడుచుకుని పైకి వచ్చి టీ అడిగాడు.

ఆదివారం పొద్దున చిన్నతమ్ముడు వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ అక్క మొహం చూడకుండా కారు మొహమే చూస్తున్నాడు. హడావిడిలో టిఫిను ఆలస్యమైంది. అక్క మాత్రం రోజూ పొడుచుకునే వేళకే సూది పొడుచుకుంది. బిస్కెట్ల డబ్బాని మరదలు గుర్తుపెట్టుకుని పెట్టెలో సర్దింది, తమ్ముడు గుర్తుపెట్టుకుని పెట్టెని కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. తర్వాత వాళ్ళిద్దరూ గేటు దగ్గర నిలబడి, పరుపు కారు మీద కట్టాలా, వదిలేయాలా అని వాదించుకుంటున్నారు. అక్క ఆఖరిసారి గది చూసుకుని వస్తానని కిందికి దిగింది.

చూసుకుని బయటికొచ్చి, అలవాటు కొద్దీ తన కుర్చీలో కూర్చుంది. స్టేషన్ మాస్టరు గారు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ తిరిగి, "ఒక్క బండి చూసి వెళ్ళక్కా" అన్నాడు. ఇంట్లోంచి గెంటేసేవాళ్ళకి కూడా మర్యాదలుంటాయని చూపించాడన్నమాట. ఎక్స్‌ప్రెస్ వదిలాడు. అది వంతెన దాటింది, మలుపు తిరిగింది. ఆయన గొట్టం కూడా పట్టుకోకుండా ఏదేదో చెబుతున్నాడు, కొత్త సిగ్నళ్ళ గురించి, కొత్త ఇంజన్ గురించి. అక్క పలకడం లేదు. కోపమనుకున్నాడు. ఎంతకీ పలక్కపోయేసరికి తిరిగి చూశాడు.

ఆవిడ మొహమంతా చెమట. కుర్చీ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట కూడబలుక్కోలేకపోతోంది. "తీ... తీపి... ఒరేయ్" అంది.

ఆయన భార్యని కేకేశాడు. గేటు దగ్గర పరుపు గొడవలో ఎవరికీ వినపడలేదు. వంటిల్లు పైన. ఆయన మోకాళ్ళకి ఆ మెట్లెక్కి దిగేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పంచదార ఉన్నది నాలుగడుగుల దూరంలో, బల్ల కింద. ఆ సంగతి ప్రపంచంలో ఆయనొక్కడికే తెలుసు. అయినా ముందు మెట్ల వైపే కదిలాడు. రెండు మెట్లెక్కాడు కూడా. ఎందుకెక్కాడో, ఆ కాస్త సేపట్లో దేన్ని కాపాడుకుందామనుకున్నాడో, ఆయన జీవితంలో ఎవరికీ చెప్పుకోలేడు. వెనక కుర్చీ కిర్రుమని చప్పుడైంది. అక్క పక్కకి ఒరిగిపోతోంది.

అంతే, దిగి పరిగెత్తుకొచ్చి, మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరి, సీసా లాగాడు. దాంతోపాటు గిన్నె దొర్లింది, పిండి సంచీ చిరిగి నేలంతా తెల్లగా పరుచుకుంది. పిడికెడు పంచదార తీసి అక్క బుగ్గలో పెట్టాడు. సగం ఆవిడ చీర మీదే పడింది. మళ్ళీ పెట్టాడు. "చప్పరించక్కా, మింగు, మింగక్కా" అని ఏడుపు గొంతుతో అంటూ, పట్టుకోవాల్సిన చోట పట్టుకోవడం తెలియక ఆవిడ తల పట్టుకుని కూర్చోబెట్టాడు. మూలనున్న నీళ్ళ మోటారు దగ్గర కుళాయి తిప్పి, నీళ్ళు పట్టి తాగించాడు. బండి మాత్రం తన పాటికి తను తిరుగుతూనే ఉంది.

కాసేపటికి వణుకు తగ్గింది. అక్క కళ్ళు నిలిచాయి. అప్పటికి, వదినగారు ఎంతకీ పైకి రాలేదని భార్యా, తమ్ముడూ దిగివచ్చారు. భార్య వచ్చి వదినగారి మొహం తుడిచి, నాడి పట్టుకుని చూసి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు నేల చూసింది. వంగి గిన్నె తీసింది. అడుగున ఎండిన జిగురు గోటితో గీకి వాసన చూసింది. వంటింట్లో జీవితం గడిపిన మనిషికి ఎంతసేపు?

"మైదా" అంది. తర్వాత సీసా చూసింది, కొండ చూసింది, కొండ మీదికి పోతున్న చీమల్ని చూసింది. "ఎలకలకి పంచదారేసి వండిపెట్టారు. మీ అక్కకి మాత్రం ఒక్క బిస్కెట్టు వద్దన్నారు."

గొంతు పెంచలేదు. నవ్వుతుందేమోనని ఆయన అంత భయపడ్డాడు గదా, నవ్వలేదు కూడా. నవ్వి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

చిన్నతమ్ముడికి మాత్రం సంగతి చప్పున తలకెక్కింది. "అయితే బిస్కెట్ల వల్ల కాదన్నమాట. అయితే ఇంక అక్క రావాల్సిన పనేముంది!" అన్నాడు. అని, ఎవరూ ఏమీ అనకముందే పెట్టె దింపడానికి మెట్ల మీద పరుగున వెళ్ళిపోయాడు. వచ్చిందగ్గర్నుంచీ వాడి కాళ్ళల్లో అంత హుషారు అదే చూడ్డం.

అక్క మెల్లగా లేచింది. మరదలి భుజం పట్టుకుని కొండ దగ్గరికెళ్ళింది. సొరంగం పక్కన పచ్చరంగు ముదురుగా ఉన్నచోట వేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగింది. తడింకా ఆరలేదు.

"ఇదెప్పుడు పూశావు?"

"నిన్న" అన్నాడు ఆయన.

"నిన్న ఎందుకు పూశావు?"

"లోపల... కొరికేశాయి."

ఆవిడ వేలు చీరకొంగుకి తుడుచుకుంది. "అంటే నిన్నే తెలుసు నీకు" అంది. "నేను బట్టలు సర్దుకుంటున్నాను. నువ్వు టీ తాగుతున్నావు."

చెబుదామనే అనుకున్నానక్కా అన్నాడు. ఎప్పుడు, కారెళ్ళిపోయాకా అని అడిగిందావిడ. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతించడం తేలిక. తోడబుట్టిన మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే, తప్పయిందక్కా అన్న రెండు ముక్కలు ఆయన నోట పెగల్లేదు.

తమ్ముడు పెట్టె మోసుకొచ్చి గది గుమ్మంలో దించాడు. అక్క అందులోంచి బిస్కెట్ల డబ్బా తీసి పొట్టకానించి పట్టుకుంది. ఇద్దరు తమ్ముళ్ళనీ మార్చి మార్చి చూసింది.

"నాకు వెళ్ళిపోవాలనే ఉందిరా" అంది పెద్దవాడితో. "ఈ మెట్లెక్కి వెళ్ళి మళ్ళీ నీ గుమ్మం తొక్కకూడదనే ఉంది. కానీ వెళ్ళడానికి నాకు ఇంకో చోటు లేదు. అందుకని ఉంటున్నాను. నేను క్షమించానని మాత్రం అనుకోకు."

మా ఇంటికి రా అక్కా అని చిన్నవాడు అనాల్సిన చోటు సరిగ్గా అదే. వాడు కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, టైము చూసుకున్నాడు. భోంచేసి వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. కాసేపటికి పైన కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల గడియ పడింది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు గడియ పెట్టుకోవద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు, పడిపోతే తెలియదని. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ తలుపు మూయలేదు. పడుకున్నప్పుడు కూడా బారుగా తీసే ఉంచేది. తలుపు తియ్యండి వదినగారూ అని భార్య బయట నిలబడి బతిమాలింది. ఫర్వాలేదమ్మాయ్, డబ్బా నా దగ్గరే ఉందిగా, నువ్వెళ్ళి వంట చూసుకో అని లోపల్నుంచి జవాబొచ్చింది. భార్య మొగుడి వైపు ఒక్క చూపు చూసి పైకెళ్ళిపోయింది.

స్టేషన్ మాస్టరు గారు తలుపు దగ్గరికెళ్ళి చెవి పెట్టారు. లోపల ఏ చప్పుడూ వినపడలేదు. మనిషి పడుకుందో, కూర్చుందో, పడిపోయిందో తెలియడం లేదు. వెనకాల ఎక్స్‌ప్రెస్ గడగడ తిరుగుతోంది. వెళ్ళి కరెంటు కట్టేసి, మళ్ళీ వచ్చి విన్నారు. అప్పుడు మంచం కిర్రుమన్నట్టు వినపడింది, లేకపోతే వినపడిందని అనుకున్నారు. పిండి పరుచుకున్న నేల మీదే, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నారు. పైనుంచి భార్య భోజనానికి పిలిచింది. వస్తానన్నారు గానీ వెళ్ళలేకపోయారు. తను లేచిన క్షణంలోనే లోపల ఆవిడ పడిపోతే అన్న భయం కాలు కదపనివ్వలేదు. చాలాసేపు ఏ అలికిడీ లేకపోయేసరికి ఇంక ఉండబట్టలేక, మెల్లగా తలుపు తట్టారు.

"అక్కా... అక్కా, బానే ఉన్నావా?"

జవాబు రాలేదు. ఇంకోసారి, ఈసారి కాస్త గట్టిగా తట్టారు.

"బతికే ఉన్నాను" అంది అక్క లోపల్నుంచి. "వెళ్ళి రైళ్ళు నడుపుకో."